వెచ్చదనం వచ్చిన దారి

"వెనక్కి తిరిగి కూర్చో," అంది వకుళ.

ఏడో నెల కడుపుతో మంచం మీద అటు నుంచి ఇటు తిరగడం చిన్న పనేమీ కాదు. హైమ మూలుగుతూ, సణుగుతూ, మొత్తానికి అక్కకి వీపు అప్పగించింది. వకుళ చక్రాల కుర్చీని మంచానికి ఆనించుకుని చెల్లెలి నడుం మీద చూపుడు వేలు పెట్టింది.

"నీ ఎడమ కాలిని ఎవరో తాకారనుకో. ఆ కబురు ఇక్కడ వెన్నుపాములోకి వస్తుంది. వచ్చి ఎడమ పక్కనే నిటారుగా పైకి పోతుంది." వేలు వీపు మీద ఎడమ పక్కగా పాకింది. "మెడ దాకా వెళ్ళాక గానీ అవతలి పక్కకి మారదు. అదే నీ ఎడమ కాలిని నేను గిల్లాననుకో..."

"గిల్లకు."

"అనుకో అన్నాను. గిల్లినా, వేణ్ణీళ్ళు పోసినా, మంచుగడ్డ పెట్టినా ఆ కబురుకి తొందరెక్కువ. లోపలికి అడుగు పెట్టగానే రోడ్డు దాటేసి కుడి పక్కకి వచ్చేస్తుంది. అటు నుంచి పైకి పోతుంది." ఈసారి వేలు అడ్డంగా నడిచి, కుడి పక్కగా ఎక్కింది. "తాకుడికి ఒక దారి, నొప్పికీ వేడికీ ఇంకో దారి. ఉండేది ఒకే వెన్నులో. అయినా ఒకదాన్నొకటి పలకరించుకోవు."

"మన మేనత్తల్లాగ," అంది హైమ.

వకుళ ఇరవై ఏళ్ళకి పైగా వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పింది. గుండె, కాలేయం లాంటివి బోర్డు మీద రంగు సుద్దలతో వేసేది కానీ, వెన్నుపాము పాఠం వచ్చేసరికి సుద్దముక్క పక్కన పెట్టి, క్లాసుకి వీపు చూపిస్తూ నిలబడేది. "ఇవాళ మీ బోర్డు ఇదే," అని చెయ్యి వెనక్కి మడిచి తన వీపు మీదే దారులు చూపించేది. ముందు బెంచీల వాళ్ళు కిసుక్కున నవ్వేవారు. ఆ పాఠం మాత్రం ఎవరూ మరిచిపోయేవారు కాదు.

కిందటేడు సర్పవరం జంక్షన్ దగ్గర ఆమె ఎక్కిన ఆటో తిరగబడింది. నడుం నుంచి పైకి వకుళ వకుళే. నడుం నుంచి కిందికి ఏ కబురూ లేదు. కాళ్ళు ఉన్నాయన్న సంగతి కళ్ళతో చూసి తెలుసుకోవాల్సిందే. పాఠంలో తను వేలు పెట్టి చూపించిన చోటే తన వెన్ను తెగినందుకు ఆమె నవ్వుకున్న రోజులున్నాయి, గుక్కపట్టి ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు ఈ పాఠం ఎందుకు వచ్చిందంటే, ఆ ముందు బెంచీలో కూర్చుని నవ్విన కుర్రాళ్ళలో ఒకడు, ఏసుపాదం, పెద్దవాడై, వెన్ను శస్త్రచికిత్సలు చేసే డాక్టరై, కాకినాడలోనే ఒక ప్రయోగశాల నడుపుతున్నాడు. అందులో అతను వంతెన కట్టడం నేర్చుకున్నాడు. మనిషి ముక్కు లోపలి పొర నుంచి కొన్ని కణాలు తీసి, వాటితో వెంట్రుక కంటే సన్నటి దారాలు పెంచుతాడు. వెన్నుపాము తెగిన చోటుకి పైన ఒక కొస, కింద ఒక కొస నాటుతాడు. ఏ దారం ఎటు పాకాలో ముందే స్కాను బొమ్మ మీద గీసుకుని, ఆ గీత ప్రకారం చిన్న కరెంటుతో వాటిని తోలుకుపోతాడు. కాళ్ళు నడిచే దారి ఇంకా అతని చేతికి చిక్కలేదు. కాళ్ళకి తెలిసే దారి మాత్రం చిక్కింది. కాకపోతే ఒక మనిషి ముక్కు నుంచి ఒక దారికి సరిపడా దారాలే వస్తాయి. రెండోసారి తీయడానికి అక్కడ ఏమీ మిగలదు.

"అందుకని ఏ దారి కావాలో మీరే చెప్పాలి మేడమ్," అన్నాడు ఏసుపాదం.

హైమకి ఆలోచనే అక్కర్లేకపోయింది. "తాకుడు. ఇంకేం ఆలోచించకక్కా. రేపు పాపకి నీళ్ళు పోసేది నువ్వే. కాళ్ళ మీద పడుకోబెడితే పిల్ల ఉందో లేదో తెలియకపోతే ఎలా?"

ఈ మాట వెనకాల చాలా ఏళ్ళ నాటి సంగతి ఉంది. హైమ పుట్టినప్పుడు వకుళకి పదిహేనేళ్ళు. పురిటి జ్వరంతో తల్లి మంచం దిగలేదు. పక్కింటి సూరమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేకపోయేది. దాంతో నూతి గట్టు పక్కన పీట మీద వకుళని కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, నూనె పట్టించిన పసిగుడ్డుని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, తను గుమ్మంలో నిలబడి ఒకటే కేకలు.

"మొదటి చెంబు నీ కాళ్ళ మీద పోసుకోవే పిల్లా! చేతుల్ని నమ్మకు, పొయ్యి దగ్గర కాగి కాగి మొద్దుబారిపోయుంటాయి. నీ కాళ్ళకి హాయిగా ఉంటేనే బిడ్డ మీద పొయ్యి!"

తల్లి ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. హైమ కూర్చోవడం నేర్చుకునేదాకా రోజూ ఆ కాళ్ళ మీదే నీళ్ళు పోసుకుంది. ఎంత చిన్న బరువో అది! నీళ్ళు పడగానే ఉలిక్కిపడి, కాసేపటికి మెత్తబడి, చివర్లో నిద్రకి జోగే బరువు. వకుళ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్ని కనలేదు. ఆ లోటు ఎప్పుడూ అనిపించకపోవడానికి కారణం ఆ బరువే. మళ్ళీ ఒక్కసారి దాన్ని తెలుసుకోవాలని ఆమెకి ఎంత ఉందో చెల్లెలికి కూడా చెప్పలేదు.

"వేడి దారి వెయ్యి," అంది ఏసుపాదంతో.

హైమ తెల్లబోయింది. "అదేంటక్కా? నొప్పి కావాలని కోరి తెచ్చుకుంటారా ఎవరైనా?"

"నొప్పి కోసం కాదే. మొదటి చెంబు నా కాళ్ళ మీద పోసుకోవాలి. వేడి తెలియని కాళ్ళ మీద నీ బిడ్డని పడుకోబెట్టను."

"వేడి చూడ్డానికి ధర్మామీటరు ఉంటుందండి మేడమ్," అన్నాడు ఏసుపాదం మెల్లిగా. నిజానికి అతనికి కావలసిందీ వేడి దారే. కాళ్ళకి పుండ్లు పడ్డా తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్న వాళ్ళని అతను చాలామందిని చూశాడు. అయినా తాకుడు మీది ఆశ ఆవిడ ముఖంలో కనిపించి, ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు.

"పిల్లకి నీళ్ళు పోసేది ధర్మామీటరు కాదు, నేను," అంది వకుళ.

ఆపరేషను అయింది. దారాలు పాకడానికి కొన్ని వారాలు పట్టింది. ఒకరోజు నడుం దగ్గర పరదా కట్టి, అవతల నుంచి ఏసుపాదం ఆమె కాలికి ఏదో ఆనించాడు.

"వేడా, చల్లనా మేడమ్?"

కాళ్ళలో ఎక్కడో, చాలా దూరం నుంచి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. "వేడి," అంది. "ఇది చల్లన. అబ్బా, ఇది సూది." ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. ఏసుపాదం మాత్రం గబగబా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ సంబరం నిలవలేదు. ఇంటికి వచ్చాక ఎడమ అరికాల్లో నొప్పి మొదలైంది. కుర్చీలో కూర్చున్న కాసేపటికి మేకు దిగేసినట్టు పోటు. ప్రయోగశాలకి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి చూస్తే ఎడమ కాలు నిక్షేపంగా ఉండేది. వాపు లేదు, ఎరుపు లేదు. చూస్తుండగానే పోటూ తగ్గిపోయేది. మళ్ళీ ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ అదే వరస.

"లేని నొప్పి అంటున్నారండి మా పర్యవేక్షణ సంఘం వాళ్ళు," అన్నాడు ఏసుపాదం తల వంచుకుని. "దారాలు తమంతట తామే నొప్పిని పుట్టిస్తున్నాయేమో అని అనుమానం. కారణం తెలియకపోతే కరిగించే సూది వేసెయ్యమంటున్నారు."

"ఎప్పటిలోగా?"

"ఈ నెలాఖరుకి."

హైమకి నెలలు నిండుతున్నాయి. కరిగించాక మళ్ళీ వేసేందుకు దారాలు లేవు. వకుళ పళ్ళ బిగువున పోటు ఓర్చుకుంటూ, నొప్పి లేదని అబద్ధం చెప్పేద్దామా అని కూడా ఆలోచించింది. ఒకసారి చెప్పి చూసింది. హైమ ఆమె ముఖం చూసి, "నీకు అబద్ధం చెప్పడం ఎప్పుడు చేతనైంది గనక," అని కొట్టిపారేసింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కగా ఉందని హైమ అక్కని వాలుకుర్చీలోకి మార్పించి వరండాలో కూర్చోబెట్టింది. తను పక్కన ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. కాసేపు కబుర్లు చెప్పుకున్నారు. వకుళకి కన్ను మూతపడింది. సగం నిద్రలో ఎడమ మోకాలి మీద వెచ్చగా అనిపించింది. మెత్తగా, ఊపిరితో పాటు కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉన్న వెచ్చదనం. హైమ చెంప ఆనించి పడుకుంది కాబోలు అనుకుంది. చిన్నప్పుడూ అంతే, ఎక్కడ కూర్చున్నా అక్క మోకాలు కావాలి దానికి. కళ్ళు తెరవకుండానే చెల్లెలి తల నిమురుదామని ఎడమ చెయ్యి చాచింది.

చేతికి ఏమీ తగల్లేదు.

ఇంకొంచెం ఇవతలికి వెతికింది. తన మోకాలి చిప్పే దొరికింది. కళ్ళు తెరిచింది. ఎడమ మోకాలి మీద ఎవరూ లేరు. హైమ కుడి మోకాలి మీద చెంప పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

వకుళ చెల్లెలి భుజం తట్టింది. "హైమా, లే. ఆ చెంప తీసి ఈ మోకాలి మీద పెట్టు."

"నిద్ర కూడా పోనివ్వవా?"

"ఒక్కసారే. నా తల్లివి కదూ."

హైమ కళ్ళు నులుముకుంటూ ఇటు పక్కకి వాలింది. ఎడమ మోకాలు చల్లబడింది. కుడి మోకాలు వెచ్చబడింది. వకుళ నవ్వడం మొదలుపెట్టింది. ఆటో తిరగబడ్డాక అక్క అలా నవ్వడం హైమ చూడలేదు. ఏమైందో తెలియకపోయినా తనకీ నవ్వొచ్చింది, కడుపు పట్టుకుని మరీ నవ్వింది.

"ఆ చక్రాల కుర్చీకి కుడి పాదం పెట్టే రేకు ఉంటుంది, చూడు," అంది వకుళ కళ్ళు ఒత్తుకుంటూ.

రేకు అంచు చిట్లి, మొన పైకి లేచి ఉంది. హైమ అక్క కుడి పాదం ఎత్తి చూస్తే అరికాలి మధ్యలో చర్మం చిట్లడానికి సిద్ధంగా, ఎర్రగా కమిలిపోయి ఉంది. ఇన్నాళ్ళూ పాపం ఆ కాలు నొప్పి నొప్పి అని మొత్తుకుంటుంటే, అందరూ కలిసి పక్క కాలిని పరామర్శిస్తున్నారు.

ఏసుపాదం వచ్చి, సంగతి విని, నేల మీద కూలబడ్డాడు. ఎంత పెద్ద డాక్టరైనా ఆ క్షణాన అతను ముందు బెంచీ కుర్రాడిలాగే ఉన్నాడు.

"స్కాను తెర మీద మనిషి కుడి మనకి ఎడమ పక్కన ఉంటుందండి. నాకు తెలీదా మేడమ్? రోజూ చూసే బొమ్మే. కానీ ఆ రోజు అది మీ వెన్నన్న సంగతి తలకెక్కేసింది. గీతలు గీస్తుంటే తెర కనపడలేదు. మీరే మాకు వీపు చూపిస్తూ నిలబడ్డారు. కుడి పక్క కుడే, ఎడమ పక్క ఎడమే అనుకుంటూ గీసుకుపోయాను." "నేను గీశాక మళ్ళీ సరిచూసే వాళ్ళెవరూ లేరు. వేడా చల్లనా అని అడిగాను గానీ, ఏ కాలు అని అడగాలన్న ఊహ కూడా రాలేదు నాకు."

వకుళకి కోపం రాలేదని కాదు. ఆ కమిలిన చోటు ఇంకో వారం ముదిరి ఉంటే ఏమై ఉండేదో ఆమెకి బాగా తెలుసు. కానీ తను వీపు చూపించి చెప్పిన పాఠం ఇన్నేళ్ళూ ఒకడి కళ్ళ ముందు నిలబడే ఉందన్న మాట విన్నాక, ఆ కోపం గట్టిగా నిలవలేదు.

"ఇప్పుడు వాటిని అటూ ఇటూ మార్చగలవా?"

"పాకినవి పాకినట్టే. మార్చడం కుదరదు. కరిగించడం ఒక్కటే."

"అయితే సంఘానికి ఉన్నది ఉన్నట్టు రాయి. నొప్పికి కారణం దొరికింది, రేకు మార్చాం అని రాయి. దారాలు కుడి ఎడమగా తిరగబడ్డాయి, ఆ తప్పు నీదని కూడా రాయి. ఇంకెవరికీ ఇలా జరక్కూడదు. దాచావంటే మళ్ళీ నా గుమ్మం ఎక్కకు."

"రాస్తానండి. మరి మీరు?"

"నేనా? ఎడమ అనిపిస్తే కుడి చూసుకుంటాను. ఇంతమందికి పాఠాలు చెప్పి, ఆ మాత్రం నేర్చుకోలేనా?"

నేర్చుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. సంఘం వాళ్ళు సరేనన్నారు గానీ, వకుళ కాళ్ళు సరేననడానికి చాలా రోజులు పట్టింది. కాకినాడ దోమలు ఆమెకి మంచి గురువులయ్యాయి. ఎడమ పిక్క దురద పెట్టేది, ఎంత గోకినా తగ్గేది కాదు. విసిగి విసిగి చివరికి కుడి పిక్క గోకితే హాయిగా ఉండేది. హైమ అవతలి గదిలోంచి, "రెండో కాలక్కా, రెండో కాలు!" అని అరిచేది. ప్రతిసారీ ముందు తప్పు వైపుకే వెళ్ళేది చెయ్యి.

ఆ నెల దాటకుండానే హైమకి ఆడపిల్ల పుట్టింది.

బొడ్డు ఊడిన మర్నాడు పొద్దున్నే నీళ్ళు కాగాయి. పెరటి గదిలో పీట వేసి, గోడకి పలక ఆనించి, వకుళని కూర్చోబెట్టి కాళ్ళు చాపారు. తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని హైమ గుమ్మంలో నిలబడింది, అచ్చం అప్పటి సూరమ్మగారిలాగ. నీళ్ళు అందించేది ఏసుపాదం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. జేబులోంచి ధర్మామీటరు తొంగి చూస్తోంది.

"మొదటి చెంబు నా కాళ్ళ మీద," అంది వకుళ.

అతను పోశాడు. రెండు కాళ్ళూ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టయింది. "కొంచెం చన్నీళ్ళు కలుపు. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు పొయ్యి." ఈసారి హాయిగా ఉంది. ఏసుపాదం అటు తిరిగి దొంగచాటుగా ధర్మామీటరు ముంచి చూసుకుని, సరిపోయిందన్నట్టు తల ఊపి జేబులో పెట్టేసుకున్నాడు.

నూనె పట్టించిన పాపని హైమ తెచ్చి అక్క తొడల మీద, తల మోకాళ్ళ వైపుకి పెట్టి, బోర్లా పడుకోబెట్టింది.

వకుళ ఎదురుచూసింది. పిల్ల కనపడుతోంది. చిన్న వీపు, ముడుచుకున్న పిడికిళ్ళు, ఎర్రటి మడమలు. కాళ్ళకి మాత్రం పిల్ల వచ్చినట్టు తెలియలేదు. బరువు లేదు. రాదని ఆమెకి తెలుసు, తనే వద్దనుకుంది. అయినా ఎక్కడో ఒక మూల ఆశ పడుతూనే ఉంది కాబోలు, ఇప్పుడు అది కలుక్కుమంది.

"తెలుస్తోందా అక్కా?" హైమ గొంతులో భయం.

"బరువు తెలియట్లేదే," అంది వకుళ నిజమే చెప్తూ.

హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వకుళ పనిలో పడింది. చెంబు మీద చెంబు. నీళ్ళు పడగానే పాప ఉలిక్కిపడి, ఊరంతా వినపడేలా ఏడ్చింది. సున్నిపిండి నలుస్తుంటే కొంచెం మెత్తబడింది. వకుళ చేతులు వాటంతట అవే అన్నీ గుర్తు చేసుకున్నాయి. మెడ కింద, చంకల్లో, మోకాళ్ళ మడతల్లో. చివరి చెంబు అయ్యాక తువ్వాలు కోసం ఆగారు. తలుపు సందులోంచి చల్లగాలి వచ్చింది. తడిసిన కాళ్ళ మీద నుంచి నీళ్ళ వేడి మెల్లగా జారిపోయింది. పిక్కలు చల్లబడ్డాయి, మోకాళ్ళ పక్కలు చల్లబడ్డాయి.

ఒకచోట మాత్రం చల్లబడలేదు.

వకుళ కళ్ళు మూసుకుంది. చుట్టూ చల్లగా ఉన్న కాళ్ళ మధ్యలో ఒక చిన్న వెచ్చదనం మిగిలిపోయి ఉంది. దానికి ఒక పొట్ట ఉంది. పక్కకి చాచిన చెయ్యి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా అది కొంచెం పరుచుకుని, కొంచెం తగ్గుతోంది. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పింది, వేడి దారిలో మనిషి కూడా వస్తాడని ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. ఆమెకి తెలియదు. తెలిస్తే చెప్పి ఉండేది.

"తువ్వాలు తేకు, ఆగు," అంది.

ఇంతలో తొడ మీద ఇంకో వెచ్చదనం, వేడిగా, ధారగా మొదలై కిందికి జారింది. ఏసుపాదం కంగారుగా వంగి చూసి, "మేడమ్, పాప..." అని ఆగిపోయాడు.

"తెలిసింది లేవయ్యా," అంది వకుళ. కళ్ళు మూసుకునే నవ్వుతోంది. కన్నీళ్ళు చెంపల మీద నుంచి గడ్డం దాకా వచ్చేశాయి. "అంతా తెలుస్తోంది. హైమా, తెలుస్తోందే నాకు!"

ఆ సందడికి పాప కదిలింది. తల ఒక పక్కకి వాల్చింది. బుగ్గ ఆనిన చోట వెచ్చదనం వకుళ ఎడమ మోకాలి మీద, గోరువెచ్చగా, పూర్తిగా వచ్చి కూర్చుంది.

వకుళ కళ్ళు తెరవలేదు. కుడి చెయ్యి కుడి పక్కకి చాచింది. అరచేతిలోకి తడి జుట్టుతో చిన్న తల వచ్చింది.